కుండీలో బూజు కనబడితే ముందు కాండం మొదలు చూడండి

నాలుగు రోజులు వరసగా ముసురు పట్టిందంటే మిద్దె తోటలో రెండు మూడు కుండీల్లోనైనా మట్టి మీద తెల్లటి నూగు లేస్తుంది. వేపపిండి చల్లిన చోటైతే దూది పరిచినట్టే ఉంటుంది. అది చూసి కంగారుపడి చాలామంది చేసే పని ఒకటే: కొట్టుకెళ్ళి ఫంగస్ మందు తెచ్చి, ఉన్న కుండీలన్నిటికీ పోసేయడం. ఎక్కువసార్లు ఆ మందు దండగ, కొన్నిసార్లు చేటు కూడా. మట్టి మీద కనిపించే బూజులో చాలా భాగం మొక్కను తినేది కాదు. సగం కుళ్ళిన ఎరువునీ కొబ్బరి పొట్టునీ ఎండుటాకులనీ తిని బతికేది. తడి ఎక్కువైందనీ, మాగని సరుకు పైన పడి ఉందనీ అది మనకు చెబుతోంది, అంతే. మొక్కను నిజంగా చంపే శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. వాటి జాడ కాండం మట్టిని తాకే చోట దొరుకుతుంది. అందుకే చూపు ముందు అక్కడికి పోవాలి. కాండం మొదలు గట్టిగా, మామూలు రంగులో, మచ్చ లేకుండా ఉంటే తొందరేమీ లేదు.

తెల్లగా ఉన్నదంతా బూజు కాదు

గోటితో గీకి చూడండి. మెత్తగా నూలు పోగుల్లా సాగి వేలికి అంటుకుంటే బూజు. పెళుసుగా పొరలా ఊడి, నలిపితే గరగరలాడితే అది ఉప్పు. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో మట్టి కుండీల అంచుల మీద, బయటి గోడల మీద ఈ తెల్ల పూత మామూలే. అనుమానం తీరకపోతే ఒక చుక్క వెనిగర్ వేయండి. సున్నపు పొర అయితే బుసబుస పొంగుతుంది, బూజు పొంగదు. ఉప్పు పొరకు మందు మంచి నీళ్ళే. పై అరంగుళం గీకి తీసేసి, కుండీలో పట్టే మట్టికి రెండింతల నీళ్ళు మెల్లగా పోసి కింది రంధ్రంలోంచి పోనివ్వాలి. వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే ఇలాంటప్పుడే పనికొస్తాయి.

దూది ఉండల్లాంటివి వేళ్ళ చుట్టూనో కుండీ లోపలి గోడకు ఆనుకునో కనిపిస్తే పిండినల్లి అయ్యుండొచ్చు. పుల్లతో నొక్కితే చితికి తడి వస్తుంది, భూతద్దంలో చూస్తే కాళ్ళు కనిపిస్తాయి. దాని మీద ఫంగస్ మందు ఎంత పోసినా లాభం లేదు. తేలిగ్గా, వేళ్ళ మధ్య పొడైపోయే తెల్ల గుళ్ళు పెర్లైట్, మట్టి గుల్లగా ఉండేందుకు కలిపేది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల్లో పసుపు, గోధుమ రంగు గుండ్రటి పూసలు ఉంటే అవి నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు. నొక్కితే చిట్లి లోపలి నుంచి నీళ్ళలాంటిది వస్తుంది. ఈ గుళికల సంగతి గుర్తుంచుకోండి. కింద చెప్పబోయే ప్రమాదకరమైన శిలీంధ్రం గింజలు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి, కాకపోతే అవి గట్టిగా ఉంటాయి, నొక్కితే నీరు రాదు.

ఆకుపచ్చ రంగులోనూ తేడా ఉంది. జారుడుగా, తడి రాయి మీద పట్టినట్టు పట్టింది పాచి. అది బూజే కాదు, వెలుతురూ తడీ రెండూ ఎక్కువైతే వస్తుంది. పొడిపొడిగా, మొదట తెల్లగా లేచి మూడు నాలుగు రోజుల్లో ముదురాకుపచ్చకు తిరిగిందనుకోండి, పైగా మీరు ఈమధ్యే మట్టిలో ట్రైకోడెర్మా (చెడ్డ శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం పొడి) కలిపి ఉన్నారనుకోండి, అది చాలావరకు మీరు డబ్బులిచ్చి కొన్నదే. దాన్ని గీకి పారేసి మళ్ళీ కొత్త ప్యాకెట్ కొనేవాళ్ళు తక్కువేం కాదు.

వానాకాలంలో నిమ్మపండు పసుపులో సన్నటి పుట్టగొడుగులు గుంపుగా లేస్తే అది ల్యూకోకోప్రైనస్ బిర్న్‌బౌమీ. వేడి ప్రాంతాల్లో కుండీ మట్టికి పాత చుట్టం. మొక్కకు హాని చేయదు. తింటే మాత్రం కడుపు పాడవుతుంది కాబట్టి పిల్లలూ పెంపుడు జంతువులూ తిరిగే ఇంట్లో గొడుగు విప్పకముందే తుంచి పారేయాలి. పసుపు రంగు నురగ ముద్దలాంటిది రాత్రికి రాత్రి ప్రత్యక్షమైతే అది ఫ్యూలిగో సెప్టికా. నిజానికి శిలీంధ్రం కాదు, జిగురు బూజు అనే వేరే జాతి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ కుళ్ళుతున్న ఆకుల మీద ఉండే సూక్ష్మజీవుల్ని తిని నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. చేటతో ఎత్తి పారేస్తే సరి.

హాని లేని బూజుకు ఏం చేయాలి

బయట, గాలి ఆడే చోట ఉన్న కుండీ అయితే బూజును తీసి పారేయనవసరం కూడా లేదు. పాత ఫోర్కుతోనో చిన్న పారతోనో పై రెండంగుళాల మట్టిని గుల్ల చేసి, బూజు పట్టిన ఎరువును ఆ మట్టిలోనే కలిపేయండి. వేళ్ళు పైపైనే ఉండే మొక్కల దగ్గర, అంటే మిర్చి, మల్లె లాంటి వాటి దగ్గర, అంగుళం లోతు చాలు. కలిపాక రెండు మూడు రోజులు నీళ్ళు ఆపాలి. అరపూట ఎండ తగిలితే ఆ బూజు అక్కడితో అణిగిపోతుంది.

ఇంట్లో ఉన్న కుండీ అయితే తీసేయడమే మంచిది. మొక్క కోసం కాదు, మన ఊపిరితిత్తుల కోసం. పొడిగా ఉన్న బూజును అలాగే గీకితే బీజాలు పొగలా లేస్తాయి. ముందు స్ప్రే బాటిల్‌తో మట్టి మీద సన్నగా తడి చేయండి. ఎన్-95 మాస్కు, చేతికి గ్లోవ్స్ వేసుకుని కుండీని బాల్కనీలోకి తెచ్చి, పైనున్న అంగుళం మట్టిని చెంచాతో ఎత్తి కవర్లో వేసి మూతి కట్టేయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని ఇంకొకరికి వదిలేయాలి. తీసినంత మేర కడిగి ఎండబెట్టిన ముతక ఇసుక అరంగుళం, దాని కింద మాగిన కంపోస్టు కలిసిన మట్టి అరంగుళం వేయండి. పైన ఇసుక ఉంటే ఉపరితలం త్వరగా ఆరుతుంది, బూజు నిలదొక్కుకోదు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది చాలామంది కంట పడదు. బూజు మట్టి లోపల దట్టంగా అల్లుకుని ఎండిపోతే ఆ మట్టి నీటిని పీల్చుకోదు. పోసిన నీళ్ళు అంచుల వెంట జారి క్షణంలో కింది నుంచి వచ్చేస్తాయి. నీళ్ళు బాగా దిగాయనుకుంటాం కానీ మధ్యలో వేరు ముద్ద పొడిగా ఉంటుంది, మొక్క వాడుతుంది. కొబ్బరి పొట్టు ఎక్కువున్న కుండీల్లో ఇది మరీ ఎక్కువ. పుల్లతో మట్టిలో అక్కడక్కడా గుచ్చి రంధ్రాలు చేసి, కుండీలో మూడో వంతు ఎత్తు వచ్చేలా నీళ్ళు పట్టిన తొట్టిలో అరగంట కూర్చోబెట్టండి. పై మట్టి రంగు మారగానే తీసి, నీళ్ళు పూర్తిగా ఓడ్చి యథాస్థానంలో పెట్టండి.

బూజుకు మేత వేస్తున్నది మనమే

మందులకన్నా ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. లేకపోతే ప్రతి ఆషాఢంలోనూ ఇదే పాట.

వేపపిండి, పల్లి చెక్క, ఆవ చెక్క. వీటిని గుప్పెడు తీసి మట్టి పైన చల్లి వదిలేస్తే రెండో రోజుకే తెల్లగా పడుతుంది. పిండి పైన ఉన్నంత కాలం తడి తగిలితే చాలు, బూజుకు పండగే. పన్నెండంగుళాల కుండీకి నెలకో యాభై గ్రాముల వేపపిండి చాలు, అదీ కాండానికి నాలుగంగుళాల దూరంలో గాడి తీసి అందులో వేసి మట్టి కప్పాలి. కొత్త మిశ్రమం కలిపేటప్పుడైతే పది కిలోలకు రెండు వందల నుంచి రెండున్నర వందల గ్రాములు వేసి, తడిపి, నీడన పది పదిహేను రోజులు మాగనిచ్చాక మొక్క నాటండి. చెక్కలు కుళ్ళేటప్పుడు వేడీ అమ్మోనియా ఘాటూ పుడతాయి. లేత వేళ్ళు దానికి మాడిపోతాయి. పల్లి చెక్క నీళ్ళు పోసేవాళ్ళు వంద గ్రాములను లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, తేటకు పదింతల నీళ్ళు కలిపి పోయాలి. అడుగున మిగిలిన మడ్డిని మొక్క మొదట్లో కుమ్మరిస్తే బూజుతో పాటు ఈగలు కూడా వస్తాయి. ఆ మడ్డి కంపోస్టు డబ్బాలోకే.

జీవామృతం కూడా ఇంతే. అందులో బెల్లం ఉంది, శనగపిండి ఉంది. వడకట్టకుండా పోస్తే పిండి మట్టి మీద పొరలా నిలిచి తెల్లగా మారుతుంది. అది చెడిపోయినట్టు కాదు, వడకట్టనట్టు. బియ్యం కడిగిన నీళ్ళు, పాలూ పంచదారా కలిసిన టీ పొడి, పుల్ల మజ్జిగ ఇవన్నీ వానాకాలంలో మట్టి మీద పోయకూడని వాటిలోకి వస్తాయి. టీ పొడి వేయాలనుకుంటే రెండుసార్లు కడిగి ఎండబెట్టి కంపోస్టులో వేయండి. పుల్ల మజ్జిగను ఆకుల మీద పిచికారీ చేసే అలవాటు వేరు, మట్టిలో పోసి బూజు పోతుందనుకోవడం వేరు. రెండోది బూజుకు విందు.

వర్మీకంపోస్టు సంచి విప్పగానే తెల్ల పోగులు కనిపిస్తే పారేయకండి. గాలాడని ప్లాస్టిక్ సంచిలో తడితో కట్టేసినందుకు అలా వచ్చింది. నీడలో పలచగా పరిచి ఒక రోజు ఆరనిచ్చి వాడుకోవచ్చు. వాసన చూడండి. మట్టి వాసన వస్తే మంచిది. పుల్లగానో మురుగులాగానో ఉంటే ఇంకా మాగలేదు, మరో నెల ఆగాలి. పచ్చి రంపపు పొట్టు, మాగని వరి ఊక కలిపిన మట్టిలో ఇంకో నష్టం ఉంది. బూజు వాటిని కుళ్ళబెట్టేందుకు మట్టిలోని నత్రజనిని తాను లాక్కుంటుంది, మొక్క కింది ఆకులు పసుపు పడతాయి. అప్పుడు బూజును తిట్టడం కంటే గుప్పెడు మాగిన కంపోస్టు అదనంగా వేయడం నయం.

తడి సంగతి

కొబ్బరి పొట్టు వేసవిలో వరం, వానాకాలంలో తంటా. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. సగానికి సగం కొబ్బరి పొట్టుతో నింపిన గ్రో బ్యాగులు మే నెలలో బాగా నడుస్తాయి, జులై వచ్చేసరికి చిత్తడవుతాయి. మిద్దె మీద ఏడాదంతా నడవాలంటే ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు మూడు పాళ్ళు, ముతక ఇసుక లేదా కాల్చిన వరి ఊక రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక్క పాలు. రేగడి మట్టే దొరికితే దాన్ని రెండు పాళ్ళకు తగ్గించి ఇసుకను నాలుగుకు పెంచండి. కలిపిన మట్టిని పిడికిట్లో గట్టిగా పిండితే ముద్దవ్వాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. విశాఖ, కాకినాడ వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఇసుక ఇంకో పాలు వేసినా తప్పులేదు. నెల్లూరు, తిరుపతి వాళ్ళకు అసలు చిత్తడి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాళ్ళ జాగ్రత్తలు ఆ లెక్కలో జరపాలి.

కుండీ అడుగున గులకరాళ్ళు, పెంకులు మూడంగుళాల మందాన పరిస్తే నీళ్ళు బాగా దిగిపోతాయన్న నమ్మకం పాతది, తప్పు కూడా. సన్నటి మట్టిలోంచి నీళ్ళు కింద ఉన్న పెద్ద సందుల్లోకి వెంటనే దిగవు. మట్టి అడుగు భాగం పూర్తిగా నానేదాకా అక్కడే వేలాడతాయి. రాళ్ళు లేకపోతే ఆ నానుడు భాగం కుండీ అడుగున ఉండేది, రాళ్ళు వేస్తే మూడంగుళాలు పైకి, వేళ్ళ దగ్గరికి వస్తుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క, లేదా దోమతెర ముక్క చాలు. పన్నెండంగుళాల కుండీకి అరంగుళం రంధ్రాలు కనీసం నాలుగు ఉండాలి. కుండీని నేరుగా స్లాబు మీద పెడితే రంధ్రాలు మూసుకుపోతాయి, ఇటుక ముక్కల మీదో స్టాండు మీదో ఎత్తి పెట్టండి. కింద పళ్ళెం ఉంటే వాన కురిసే రోజుల్లో తీసి పక్కన పెట్టడమే.

చిన్న మొక్కను పెద్ద కుండీలో నాటడం కూడా బూజుకు దారే. వేళ్ళు లేని చోట నీళ్ళు తాగేవాళ్ళు ఉండరు. పెంచే కొద్దీ కుండీ రెండేసి అంగుళాలు పెంచుకుంటూ పోవాలి.

నీళ్ళు పోసే ముందు వేలు గుచ్చి చూడండి. కూరగాయ మొక్కలకు అంగుళం లోతున పొడిగా తగలాలి, మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు లాంటి వాటికి రెండంగుళాలు. రోజూ ఉదయం ఏడింటికి పైపు పట్టే అలవాటు వానాకాలంలో మానాలి. సాయంత్రం పోసిన నీళ్ళు రాత్రంతా ఉపరితలం మీద తడిగా నిలుస్తాయి కాబట్టి పోస్తే ఉదయమే.

భయపడాల్సినవి రెండు

మొదటిది మొదలు కుళ్ళు. దీని కారకం స్క్లెరోషియం రోల్ఫ్సీ. వేరుశనగ రైతులకు ఇది బాగా తెలిసిన శత్రువు, టమాటా, మిర్చి, వంకాయ, మల్లె కుండీల్లోకీ వస్తుంది. మధ్యాహ్నం మొక్క వాడి సాయంత్రానికి తేరుకుంటుంది, రెండు మూడు రోజుల్లో మళ్ళీ లేవదు. కాండం మట్టిని తాకే చోట గోధుమ రంగు మచ్చ, దాని మీద విసనకర్రలా విచ్చుకున్న తెల్లటి మెరిసే పోగులు, కొద్ది రోజుల్లో వాటి మధ్య ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు. అవి మొదట తెల్లగా, తర్వాత తేనె రంగులో, చివరికి ముదురు గోధుమ రంగులో ఉంటాయి. మామూలు బూజుకూ దీనికీ తేడా ఈ గింజలే. అవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి.

ఆ స్థితిలో మొక్కను కాపాడే ప్రయత్నం చేయకండి. చుట్టూ మూడంగుళాల లోతు మట్టితో సహా పెకలించి కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వాలి. కంపోస్టు డబ్బాలో వేస్తే తోటంతటికీ విత్తినట్టే. వాడిన పారను బ్లీచ్ నీళ్ళలో, అంటే ఇంటి బ్లీచ్ ఒక వంతుకు నీళ్ళు తొమ్మిది వంతులు కలిపిన దాంట్లో, పది నిమిషాలు ఉంచి కడగండి. ఖాళీ అయిన కుండీకీ అదే స్నానం. మిగిలిన మట్టిని చివర్లో చెప్పిన పద్ధతిలో ఎండకు పెట్టేదాకా వాడకూడదు. ఈ శిలీంధ్రానికి గాలి కావాలి, అందుకే పైపొరలోనే తిరుగుతుంది. మట్టి మీద కప్పిన ఎండుటాకుల పొర (మల్చింగ్) కాండానికి ఆనుకుని ఉంటే దాని మీదుగానే కాండంలోకి ఎక్కుతుంది. మల్చింగ్ కాండానికి రెండంగుళాల ఎడంగా ఉంచడం, మట్టిని కాండం మీదికి ఎగదోయకపోవడం, వీటితోనే సగం ముప్పు తప్పుతుంది.

రెండోది నారుకుళ్ళు. ట్రేలో టమాటా, మిర్చి, వంగ నారు బాగా మొలిచి, ఒక రాత్రిలో గుంపుగా పడిపోతుంది. కాండం మొదలు నీరు పట్టినట్టయి దారంలా సన్నబడుతుంది. ఎక్కువసార్లు కారణం పిథియం, నీళ్ళలో ఈదే బీజాలున్న జాతి. అది సాధారణ శిలీంధ్రం కాదు కాబట్టే కార్బెండజిమ్ అనే ఫంగస్ మందు దాని మీద పనిచేయదు. కొట్లో అడిగితే మొదట చేతికిచ్చేది మాత్రం తరచూ అదే.

నారు పడటం మొదలైన మచ్చను చుట్టూ అంగుళం అదనంగా కలిపి తీసేయండి. నీళ్ళు ఆపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి మూడు గ్రాములు కలిపి మిగిలిన నారు మొదళ్ళు తడిసేలా పోయండి. వారం తర్వాత ఇంకోసారి. నెలలోపే కోసుకునే ఆకుకూరల మడుల్లో ఈ మందు వద్దు. పాడైన తోటకూర మడిని పీకి మళ్ళీ చల్లుకోవడమే తేలిక. అసలు రాకుండా చూడాలంటే విత్తనాలు ఒత్తుగా చల్లకూడదు, ప్రో ట్రేలో గుంటకు ఒక్కటే వేయాలి. మొలకెత్తేదాకా కప్పిన గోనె పట్టానో పేపరునో మొదటి మొలక తల ఎత్తిన రోజే తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా లోపల ఆవిరికి మొత్తం పోతుంది. విత్తనాల మీద మట్టి బదులు సన్న ఇసుక పలచగా చల్లితే మొదళ్ళు పొడిగా ఉంటాయి.

ఇంటి మొక్కల్లో వేరుకుళ్ళు కూడా ఈ పిథియం పనే కావచ్చు. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతుంటే, కుండీ నుంచి మురుగు వాసన వస్తుంటే, మొక్కను బయటికి తీసి ఒక వేరు పట్టి లాగండి. పై తొడుగు జారి లోపల దారం మిగిలితే ఆ వేరు చచ్చింది. అలాంటివన్నీ తెల్లటి భాగం కనిపించేదాకా కత్తిరించి, ఆకుల్లో కూడా మూడో వంతు తగ్గించి, కొత్త మట్టిలో మునుపటికన్నా చిన్న కుండీలో నాటాలి. పాత మట్టిలో మందు పోసి అదే కుండీలో ఉంచితే బతకడం అరుదు.

ట్రైకోడెర్మా సరిగ్గా వాడితేనే

ట్రైకోడెర్మా విరిడి మంచి శిలీంధ్రం. చెడ్డవాటిని చుట్టుకుని తింటుంది, వాటి చోటు ఆక్రమిస్తుంది. పొడిని నేరుగా మట్టి మీద చల్లి పనిచేయలేదనేవాళ్ళే ఎక్కువ. దానికి మేత, తడి, నీడ కావాలి. తొమ్మిది కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, రెండు వందల గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, పిడికిట్లో పిండితే ముద్దయ్యేంత తడి చేసి, నీడన అడుగు ఎత్తు కుప్పగా పోయండి. తడి గోనె పట్టా కప్పండి. నాలుగో రోజు ఒకసారి తిరగేయాలి, పైన ఆరితే నీళ్ళు చిలకరించాలి. పది రోజులకు కుప్పంతా తెల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా అల్లుకుంటుంది. ఇక్కడ ఆ బూజే మనకు కావలసింది. పన్నెండంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ళు పై మట్టిలో కలపండి. పచ్చి పేడతో ఈ పని జరగదు, కుప్ప వేడెక్కి ట్రైకోడెర్మా చచ్చిపోతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, ఆరు నెలలు దాటింది వద్దు. విరిడి ఒక శాతం పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ (బతికి ఉండి మొలవగల బీజాల లెక్క) ఉండాలి, అది లేబుల్ మీద రాసి ఉంటుంది. కొట్టు ముందు ఎండలో వేలాడదీసిన ప్యాకెట్ ఎంత చవకైనా వదిలేయండి. కాపర్ మందులకూ కార్బెండజిమ్‌కూ దీనికీ పడదు. రసాయనం పోశాక పదిహేను రోజులు ఆగి ట్రైకోడెర్మా వేయాలి. రెండూ ఒకే బకెట్లో కలిపితే మంచి శిలీంధ్రం ముందు చస్తుంది.

ఇంటి చిట్కాల్లో పనికొచ్చేవి, రానివి

దాల్చినచెక్క పొడి మొలక ట్రేల మీద పలచగా చల్లితే పైపై బూజు తగ్గుతుంది. చిన్న ట్రేకు ఫర్వాలేదు, ఇరవై కుండీలకు జేబుకు భారం. కట్టెల బూడిద పైతడిని పీలుస్తుంది కానీ క్షార గుణం ఎక్కువ. బోరు నీళ్ళ ఇళ్ళలో మట్టి అసలే క్షారం వైపు ఉంటుంది కాబట్టి కుండీకి ఒక చెంచా మించకూడదు. వంట సోడా వద్దే వద్దు. అందులోని సోడియం మట్టిలో పేరుకుని మట్టిని గట్టిపరుస్తుంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆరు శాతం సీసా అయితే ఒక వంతుకు నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి ఒక్కసారి పోయొచ్చు. నురగ వచ్చి పైబూజు పోతుంది. మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి, తడి తగ్గకపోతే వారంలో బూజు మళ్ళీ వస్తుంది. ఇంట్లోని ఒకటీ అరా కుండీలకే అది.

నల్ల దోమల్లాంటి పురుగులు

బూజు వెనకే ఇవి వస్తాయి. కుండీ కదిలిస్తే మట్టి మీంచి సన్నటి నల్ల పురుగులు లేచి ముక్కు దగ్గర తిరుగుతాయి. కుట్టవు. వాటి పిల్లలు తడి మట్టిలో బూజునూ సన్న వేళ్ళనూ తింటాయి. పచ్చి బంగాళాదుంప ముక్క మట్టి మీద పెట్టి రెండు రోజుల తర్వాత తిరగేస్తే నల్లటి తలలున్న తెల్ల పురుగులు కింద చేరి కనిపిస్తాయి. ఆ ముక్కను పారేసి మళ్ళీ కొత్తది పెడుతూ పోవచ్చు. పసుపు జిగురు అట్టలు పెద్ద పురుగుల్ని పడతాయి, పిల్లల్ని ఏమీ చేయలేవు. పై రెండంగుళాలు ఆరనివ్వడం, ఇసుక పొర వేయడం, ఇవి అసలు దెబ్బ. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి నెల రోజులు పట్టు వదలకూడదు.

అమెరికాలోనో కెనడాలోనో చలికాలం కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చుకునే తెలుగువాళ్ళకు ఈ పురుగుల బాధ మరీ ఎక్కువ. కరివేపాకు చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది, నీళ్ళు తాగదు. ఆకు రాలిందని నీళ్ళు పెంచితే బూజు, పురుగులు, చివరికి వేరుకుళ్ళు. ఆ మూడు నెలలు రెండు మూడు వారాలకోసారి కొద్దిగా పోస్తే చాలు. అక్కడ మస్కిటో బిట్స్ పేరుతో దొరికే బీటీఐ (ఈ పురుగుల పిల్లల్ని చంపే బ్యాక్టీరియా) గుళికలు గాలన్ నీళ్ళకు నాలుగు టేబుల్ స్పూన్లు వేసి అరగంట నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్ళే మామూలుగా పోసుకోవచ్చు.

పాత మట్టిని ఎండకు శుద్ధి చేయడం

పాత మట్టిని పారేయడానికి మనసొప్పదు, వాడితే భయం. దీనికి మన వేసవే పరిష్కారం. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకోవ్ కటాన్ బృందం పాలిథీన్ కింద తడి నేలను ఎండబెట్టి తెగుళ్ళను అణచవచ్చని చూపించింది. ఏప్రిల్, మే నెలల్లో మన స్లాబు మీద అది ఇంకా తేలిగ్గా జరుగుతుంది, పై నుంచి ఎండ, కింద నుంచి కాలిన సిమెంటు.

మట్టిలోంచి వేళ్ళు, పుల్లలు ఏరేసి బెడ్డలు చిదమండి. పిడికిట్లో ముద్దయ్యేంత తడి చేయండి. పొడి మట్టిలో వేడి లోపలిదాకా పాకదు, శిలీంధ్ర గింజలు కూడా పొడిగా ఉన్నప్పుడు మొండిగా ఉంటాయి. స్లాబు మీద ఒక షీటు పరిచి మట్టిని ఆరంగుళాలకు మించని మందంతో పోసి, పైన రంగు లేని, అవతలిది కనిపించే పాలిథీన్ కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి గాలి చొరకుండా మూయండి. నల్ల షీటు వద్దు, వేడి షీటులోనే ఆగిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచాలి. రెండో వారం చివర ఒకసారి విప్పి తిరగేసి, ఆరితే మళ్ళీ తడిపి కప్పండి.

విప్పిన మట్టిలో చెడ్డవాటితో పాటు మంచివీ చాలావరకు పోయి ఉంటాయి. ఖాళీ చోటు ముందు ఎవరు ఆక్రమిస్తే వాళ్ళదే. కాబట్టి మట్టి చల్లారిన రెండో రోజే పది కిలోలకు కిలో చొప్పున ట్రైకోడెర్మా పెంచిన ఎరువు కలిపి, తడిపి, నీడన పది రోజులు ఉంచి జూన్ తొలి వానలకు ముందు కుండీలు నింపుకోవాలి. ఎరువు కుప్ప వేయాల్సింది పాలిథీన్ విప్పడానికి పది రోజుల ముందు.